బడి దాటిన బండి

గనిలో మందుగుండు సరఫరా అంతా ఆమె చేతిమీదుగానే నడిచేది. పేల్చే మందు ఒక బండిలో, దాన్ని రగిలించే డిటొనేటర్లు మరో బండిలో రావాలి. ఆ రెండూ ఉప్పూ నిప్పూ; దారిలో కలవకూడదు.

ఆ రోజు బొగ్గు మీది రాతిపొరలో మందు నింపేందుకు అరవై రెండు హోల్స్ వేసి ఉంచారు. మధ్యాహ్నం రెండింటికి పేల్చాలి. పొద్దున పడ్డ వానకు హోల్స్‌లోకి నీళ్లు ఊరుతున్నాయి. ఒంటిగంట కావస్తున్నా మందు బండి జాడలేదు.

దాని డ్రైవరుకు గనిలో 'నిదానం బాబాయి' అని పేరు. ఆయన్ని ఎద్దులబండి కూడా దాటిపోతుందని అందరూ ఆటపట్టించేవారు. ఆమెకు మాత్రం ఆయన నిజంగానే బాబాయి లెక్క. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ పెట్టెను ఎలా దించాలో చెప్పింది ఆయనే.

మూడుసార్లు ఫోన్ చేసింది. కలవలేదు. "ఎక్కడ చచ్చాడో ఈ బాబాయి!" అని విసుక్కుంది. పక్కనున్న గుమాస్తా నవ్వాడు.

ఇక ఆగలేక, మరో మందు బండి డ్రైవరును వెంటబెట్టుకుని జీపులో బయల్దేరింది.

బజారు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా, బీడు భూముల మధ్య బండి కనిపించింది. ముందూ వెనకా ఎర్రజెండాలు. చక్రాల కింద చెక్కదిమ్మలు. వెనక తలుపు దగ్గర తుపాకీతో గార్డు నిలబడి ఏడుస్తున్నాడు. బండి నీడలో, పరిచిన తువ్వాలు మీద బాబాయి పడుకుని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇందాక నోరుజారిన మాట ఆమెకు గుర్తొచ్చింది.

"ఇక్కడ సిగ్నల్ లేదు మేడమ్. బండి వదిలి కదలకూడదాయె. దారినపోయే ఇద్దరితో కబురంపాను, అందినట్టు లేదు," అన్నాడు గార్డు. "బజారు మొదట్లోనే అన్నకి చెమటలు పట్టేశాయి. ఎడంచెయ్యి లాగేస్తోందన్నాడు. 'ఎదురుగానే ఆసుపత్రి, ఆపు అన్నా' అని మొత్తుకున్నాను. 'మధ్యాహ్నం బడి వదిలారు, కనబడట్లా? రోడ్డు నిండా పిల్లలే. రెండు టన్నుల మందు వాళ్ల మధ్య వదిలేసి నేను పడిపోతే?' అన్నాడు. పళ్లబిగువున ఇక్కడిదాకా లాక్కొచ్చాడు. బ్రేకు వేశాక ఇక మాట్లాడలేదు."

ఆమె దూరంగా ఉన్న మట్టిదిబ్బ ఎక్కి మేనేజరుకు ఫోన్ చేసింది.

"అయ్యో పాపం..." అన్నాడాయన. ఆపైన, "బండి మాత్రం త్వరగా పంపించమ్మా. హోల్స్ కూలిపోతాయి," అన్నాడు.

"బండి వస్తుంది సర్. మందు గోదాములోకి వెళ్తుంది. ఈ పూట పేలుడుకు నేను సంతకం పెట్టను."

"సరే," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

వెంట వచ్చిన డ్రైవరు కళ్లు తుడుచుకుని స్టీరింగు పట్టాడు. బాబాయిని జీపు వెనక సీట్లో, తన ఒళ్లో తల పెట్టుకుని వాళ్లింటికి తీసుకొచ్చిందామె.

పిన్ని ఏడవలేదు. అంతా విని ఒక్కటే అడిగింది. "ఆసుపత్రి ముందునుంచే వచ్చాడా?"

"అవును పిన్నీ. బడి వదిలిన వేళ... పిల్లలు..."

"వాళ్లను చూశాడు. నన్ను చూడలేదు."

ఆమె పిన్ని చెయ్యి పట్టుకుని, చుట్టాలు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

నెల తిరక్కుండా ఆమె మందు బండ్ల దారి మార్చింది. బజారులోకి రాకుండా, పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు. బండికి ఇద్దరేసి డ్రైవర్లు. పైవాళ్లు సణిగారు. ఆమె పట్టు విడవలేదు. ఆ సంగతి తానే వెళ్లి పిన్నికి చెప్పింది.

పిన్ని మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది. "ముందే చేసి ఉండాల్సింది కదమ్మా," అంది, కోపం లేకుండా.

"అవును పిన్నీ," అంది ఆమె.