తోసుకెళ్లే టాక్సీ

ఆ ఊళ్లో పెట్రోలు ధర పెరిగిన తీరు ఏమని చెప్పను! బంకులో ధర బోర్డు మార్చే మనిషి నిచ్చెన దిగడమే మానేశాడు. దిగేలోపల మళ్లీ ఎక్కాలి కదా, ఎందుకొచ్చిన తిప్పలని అన్నం కూడా పైనే కూర్చుని తినేవాడు. సొంత కార్లున్న పెద్దమనుషులు పొద్దున్నే ట్యాంకు మూత తీసి, ఒకసారి వాసన చూసుకుని, మూత బిగించి, బస్సెక్కి వెళ్లిపోయేవారు.

టాక్సీవాళ్లకి ఆ వీలు కూడా లేదు. వాళ్లలో మరీ ఇరుక్కుపోయినవాడు నిదానం. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, స్టాండులో తోటి డ్రైవర్లు పెట్టింది. పెట్రోలు మిగల్చాలని అతను కారుని ఎంత మెల్లగా నడిపేవాడంటే, ఒకసారి రోడ్డు పక్కన గోడకి సున్నం వేస్తున్న మనిషి, ఇది కూడా గోడలో భాగమే కాబోలనుకుని రెండు పూతలు వేసేశాడు. అప్పట్నుంచి ఆ కారు ఎడమ వైపు తెలుపు, కుడి వైపు పసుపు. అయినా నిదానానికి అదంటే ప్రాణం. స్నానం చేసి వచ్చి, తువ్వాలుతో ముందు దాని అద్దం తుడిచి, తర్వాతే తన ముఖం తుడుచుకునేవాడు.

ఒక రాత్రి భోజనాల దగ్గర పెళ్లాం కదిపింది. ఆవిడ ఇంట్లోనే మిషను మీద చొక్కాలు కుడుతుంది.

"ఏవండీ, ఒక మాట అడుగుతా, కోప్పడకండి. మనింట్లో సంపాదించేదెవరు?"

"మనిద్దరం."

"తినేదెవరు?"

"అదీ మనిద్దరమే."

"కాదు, మీ కారు. నేను కుట్టిన చొక్కాలన్నీ గుండీలతో సహా అదే తాగేస్తోంది. ఈ నెలాఖరు దాకా చూస్తా. దాని తిండి అది సంపాదించుకుందా, సరే. లేదా, తమ్ముడికి ఇచ్చేద్దాం."

ఆ తమ్ముడు, అంటే నిదానం బామ్మర్ది, పరుపుల దుకాణం ఓనరు. కబురు తెలిసి మర్నాడే ఊడిపడ్డాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, సీటు మీద గుద్ది చూశాడు.

"బావా, నువ్వేం బెంగపడకు. సీట్లు పీకి దుకాణం ముందు వేసుకుంటా, వచ్చినోళ్లు కూర్చుంటారు. తలుపులు పాత సామాన్లవాడికి. హారను మాత్రం నీకే ఇస్తా, గుర్తుగా ఉంచుకో. నువ్వు కూడా వచ్చేయ్. పరుపెంత బాగుందో జనానికి తెలియాలంటే దానిమీద ఒకడు పడుకోవాలి కదా? నీకంటే నిదానంగా పడుకునేవాడు నాకెక్కడ దొరుకుతాడు?"

ఆ రోజంతా నిదానానికి కళ్లు మూసినా తెరిచినా ఒకటే కనిపించింది: తలుపుల్లేని తన కారు, పరుపు మీద పడుకున్న తను.

ఆ మర్నాడు పొద్దున బ్యాంకు మేనేజరుగారు ఎక్కారు. ఆయన మామూలు మనిషి కాదు. వెనక సీట్లో కూర్చున్నారంటే కారు ముందు చక్రాలు లేచి ఆకాశంకేసి చూసేవి. ట్యాంకులో అప్పటికున్నది పెట్రోలు కాదు, పెట్రోలు జ్ఞాపకం. ఆ జ్ఞాపకంతోనే సగం దూరం వెళ్లి, నడిరోడ్డు మీద కారు ఆగిపోయింది.

"ఏమయ్యా, ఆగిందేం?"

"ఆగలేదు సార్, ఆలోచిస్తోంది."

"ఎంతసేపు ఆలోచిస్తుంది?"

"పెట్రోలు రేటు తగ్గేదాకా సార్."

"నాకు అవతల మీటింగుందయ్యా! దిగి తొయ్యి."

"తోస్తా సార్, మీరు స్టీరింగు పట్టుకోండి."

"నాకు డ్రైవింగు రాదే!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక బస్సులు, లారీలు కలిసి చెవులు చిల్లులు పడేలా మోగిస్తున్నాయి. చేసేదిలేక మేనేజరుగారు దిగి, టై భుజం మీదికి వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి తోశారు. తిట్టుకుంటూ, రొప్పుతూ, బ్యాంకు గుమ్మం దాకా తోశారు.

నిదానం సిగ్గుతో సగమైపోయాడు. "సార్, కిరాయి వద్దు, క్షమించండి" అని చేతులు కట్టుకున్నాడు.

మేనేజరుగారు చెమట తుడుచుకుని పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. "ఉండవయ్యా. నాకు ఆకలేస్తోంది! నిజం ఆకలి. పదేళ్లయి ఉంటుంది దీని మొహం చూసి. డాక్టరు కసరత్తు చెయ్యమంటే జిమ్ముకి డబ్బు కట్టి ఎటూ పోని పట్టా మీద పరుగెడుతున్నా. ఎంత పరుగెత్తినా అదే గోడ ముందుంటా. ఇక్కడ కసరత్తూ అయింది, ఆఫీసూ వచ్చింది. రేపూ రా. పెట్రోలు పోయించావో, ఊరుకునేది లేదు!"

మర్నాడు మేనేజరుగారు తన స్నేహితుడు వకీలుగారిని తెచ్చుకున్నారు. వకీలుగారు ఒక లెక్కల మాస్టారిని తెచ్చారు. వారం తిరిగేసరికి కారు వెనక చోటు చాలక, జనం పొద్దున్నే వచ్చి బంపరు మీద రుమాలు వేసి వెళ్లేవారు. నిదానం అద్దం మీద బోర్డు తగిలించాడు: "తోసేవారికి సగం రేటు. కూర్చునేవారికి టాక్సీ లేదు."

స్టాండులో మిగతా డ్రైవర్లు కడుపుబ్బ నవ్వారు.

"ఏరా నిదానం, ప్యాసింజర్లని నువ్వు మోస్తున్నావా, నిన్ను వాళ్లు మోస్తున్నారా?"

"ఎవరు మోస్తే ఏంట్రా? డబ్బులిచ్చేది వాళ్లేగా!"

తోసేవాళ్లకి రోజురోజుకీ బలం పెరిగింది. కారుకి వేగం పెరిగింది. ఇంజిను నడిచినప్పుడు సున్నం పూయించుకున్న కారు, ఇంజిను ఆపేశాక మోటారు సైకిళ్లని దాటేసింది. నమ్మితే నమ్మండి, ఒకరోజు కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊది ఆపేశాడు.

"ఏంటయ్యా ఆ స్పీడు? విమానం అనుకున్నావా?"

"నాకేం తెలీదు సార్, ఇంజిను ఆపే ఉంది."

కానిస్టేబులు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది. "మరి స్పీడెవరిది?"

వెనకనుంచి మూడు తలలు లేచాయి. "మాది" అన్నారు వకీలుగారు. "తోయకూడదని ఏ చట్టంలో ఉందో చెప్పు, ఇక్కడే వాదిస్తా."

కానిస్టేబులు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. వకీలుగారి నడుం చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు. గొంతు తగ్గించి, "రేపు ఎన్నింటికి బయల్దేరతారు?" అని అడిగాడు.

నిదానం గాల్లో తేలిపోతున్నాడు. పెళ్లాం చేతిలో డబ్బు పెడుతున్నాడు. ఆవిడ లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటోంది. ఇక కారు దక్కినట్టే అనుకుంటున్నాడు.

ఇంతలో, నెలాఖరు ఇంకా రాకుండానే, ఒక పొద్దున బంపరు మీద ఒక్క రుమాలు కూడా లేదు. నిదానం కంగారుగా మేనేజరుగారింటికి వెళ్లాడు. ఎదురుగా రోడ్డు మీద ఒక సన్నటి మనిషి, ప్యాంటు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సంచీ ఊపుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు.

"సార్, మీరేనా?"

"నేనేనయ్యా! నీ పుణ్యమా అని నాకు కాళ్లొచ్చాయి. ఇప్పుడు పరుగునే ఆఫీసుకి పోతున్నా. ఇక కారెందుకు, అడ్డం!" ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన మలుపు తిరిగిపోయారు.

వకీలుగారూ అంతే. మాస్టారూ అంతే. కానిస్టేబులైతే దొంగల్ని తరిమి, వాళ్లకంటే ముందు వెళ్లి నిలబడుతున్నాడట. ఊళ్లో అందరికీ కాళ్లిచ్చి, నిదానం ఖాళీ కారు పక్కన ఒక్కడే మిగిలాడు.

నెలాఖరు రానే వచ్చింది. బామ్మర్ది పానా, స్క్రూడ్రైవరు పట్టుకుని దిగాడు.

"బావా, హారను ముందే విప్పుకుంటావా, తర్వాతా?"

నిదానం కారు మీద చెయ్యి వేసి అటు తిరిగి నిలబడ్డాడు. పెళ్లాం అది చూసింది. కానీ ఇచ్చిన మాట ఇచ్చిందే.

"పెట్రోలు చుక్క లేదురా" అన్నాడు నిదానం చివరికి.

"తోసుకుపోదాం. నువ్వు స్టీరింగు పట్టుకో."

బామ్మర్ది తోశాడు. కారు కదల్లేదు. వీపు ఆనించి తోశాడు. చెప్పులు జారాయి గానీ చక్రం జరగలేదు.

"ఇదేంటక్కా, వేళ్లు పాతుకుపోయినట్టుంది!"

ఆవిడ కారు దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది. స్టీరింగుకీ సీటుకీ మధ్య దిండు దూర్చినట్టు మొగుడి పొట్ట. ఇన్నాళ్లూ జనం తోస్తుంటే కదలకుండా కూర్చున్నాడు కదా!

"అయ్యో నా తల్లీ! ఊళ్లోవాళ్లందర్నీ కరిగించి, ఆ కొవ్వంతా మీరు దాచుకున్నారా? దిగండి ముందు. మీరు కూడా తొయ్యండి."

"స్టీరింగెవరు పడతారే?"

"నేను. రోజంతా మిషను చక్రం తిప్పుతా, దీనికి భయపడతానా?"

ఆవిడ ఎక్కి కూర్చుంది. బావా బామ్మర్దులిద్దరూ వెనక చేరారు. కారు కదిలింది. మొదట్లో తాగినవాడిలా అటూ ఇటూ తూలింది, చెత్తకుండీని ముద్దుపెట్టుకోబోయి మానుకుంది, వీధి చివరికి వచ్చేసరికి దారం పట్టినట్టు నేరుగా పోతోంది.

"అక్కా, ఆగు! దుకాణం దాటిపోయింది!"

"చూశాన్రా. బ్రేకెక్కడుంది?"

"మధ్యలో! మధ్యది తొక్కవే!" అని అరిచాడు నిదానం.

"ఆ, తెలిసింది. కానీ ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది, పాడుచెయ్యకండి. తొయ్యండి!"

రెండో వీధిలో ఎదురింటావిడ నోరు తెరిచి నిలబడింది. "వదినా! నువ్వెప్పుడు నేర్చుకున్నావు?"

"ఇప్పుడే, ఆ మలుపు దగ్గర."

"నాకూ నేర్పవూ? డ్రైవింగు స్కూలుకెళ్లి నేర్చుకుందామంటే పెట్రోలు ఖర్చే నడుం విరగ్గొట్టేలా ఉంది."

"దీనికి పెట్రోలక్కర్లేదు. ఫీజు నాకియ్యి, తోసేవాణ్ని నువ్వు తెచ్చుకో."

"మా ఆయన సోఫాలో ఖాళీగానే పడున్నాడు, లేపుకొస్తానుండు!"

ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఆడవాళ్లంతా నడుం బిగించి నిలబడ్డారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో మొగుడు, దిక్కులు చూస్తూ.

నిదానం పెళ్లాం చెవిలో గొణిగాడు. "వీళ్లు కూడా నేర్చేసుకుని వెళ్లిపోతేనో? మేనేజరుగారిలాగా?"

"పోనీయండి. మొగుడు తోస్తుంటే కారు నడిపిన సుఖం ఏ ఆడదైనా కడుపులో దాచుకుంటుందా? వెళ్లి తోడికోడలికి చెబుతుంది. ఆవిడ వాళ్ల ఆడపడుచుకి చెబుతుంది. ఇంత పెద్ద ఊళ్లో తోడికోడళ్లు ఎప్పటికి అయిపోవాలి?"

బామ్మర్ది చెమట కారుతూ, పానా చేతిలో పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "అక్కా, మరి నా సీట్లు?"

"సీట్లలో మనుషులున్నారు, కనబడట్లా? ఎదురింటి వదిన కూర్చుంది, వాళ్లాయన ఒక్కడి తోపుకి కదిలేలా లేదు. పానా అక్కడ పెట్టి వెనక పట్టు."

వాడు పానా కింద పెట్టాడు. నిదానం కూడా వాడి పక్కనే చేరి, పొట్ట లోపలికి లాక్కుని, కారుకి భుజం ఆనించాడు.