ట్రాప్‌డోర్ బోర్డు

తొర్రూరులో నేను గుమాస్తాగా ఉన్న రైస్‌మిల్లులో, వడ్లు గుమ్మరించే గుంట మీద చెక్క మూత ఒకటి ఉంది. దాని పలకలు ఎప్పుడో పుచ్చిపోయాయి. పోయినేడు గణపతి అనే హమాలీ బస్తాతో సహా లోపల పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మూత మార్పించమని మొత్తుకుంటే సేటు వచ్చే సీజన్ చూద్దామన్నాడు. ఆ సీజన్ కూడా వచ్చేసింది.

తనిఖీకి వచ్చిన అధికారి హెచ్చరిక బోర్డు పెట్టమన్నాడు. సేటు తెప్పించిన బోర్డు మీద ఇంగ్లీషులో ట్రాప్‌డోర్ అని ఒక్క మాటే ఉంది. మా అమ్మాయి ఉజ్మాను అడిగితే నిఘంటువు చూసి, నేలలోనో కప్పులోనో ఉండే తలుపు అని చెప్పింది. నాటకాల వేదిక మీదా, ఉరికొయ్య కిందా ఉంటుందట. ఆ చివరిది వినకపోయినా బాగుండేది.

బోర్డుకు రెండు మేకులు కొట్టించి సేటు చేతులు దులుపుకున్నాడు. హమాలీలు మాత్రం బస్తాలు మోస్తూ ఆ మూత మీదుగానే పోతున్నారు. అదే దగ్గరి దారి. పొద్దంతా అరిచి అరిచి నా గొంతు పోయింది.

"ఏం రాసిన్రు సారూ గా బోర్డు మీద?" అని అడిగింది వడ్లు ఊడ్చే సక్రి.

"నేలల ఉండే తలుపు అని."

"తలుపైతే గడపుంటది గద. గడపను ఎవలు తొక్కుతరు?"

మరునాడు పొద్దున్నే సక్రి వచ్చి మూత అంచులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఒక్కడూ కాలు పెట్టలేదు. నడుము వంగిపోతున్నా చుట్టూ తిరిగే పోయారు.

మధ్యాహ్నానికి పని వెనకబడింది. సేటు నన్ను పిలిచాడు.

"నబీ, గా పసుపు కడిగెయ్యి. పని ఆగుతున్నది."

"నాతోని కాదు సేటూ. మీరే జర కడుగుండ్రి."

ఇరవై రెండేళ్ల నౌకరీలో ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

సేటు కోపంగా బకెట్ పట్టుకుని బయల్దేరాడు. పసుపు దగ్గరికి రాగానే చెప్పులు విడిచాడు. హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు. కాసేపు నిలబడి, బకెట్ పక్కన పెట్టి, మూతకు దండం పెట్టుకుని, చుట్టూ తిరిగి తన గదిలోకి పోయాడు.

"వడ్రంగిని పిలువు," అన్నాడు లోపలి నుంచి.

ఏడాదిగా నేను చెప్పిన మాట పిడికెడు పసుపు చెప్తే విన్నాడు. సంతోషించే ఓపిక కూడా నాలో లేదు. వడ్రంగికి ఫోన్ చేశాను.