కైమాక్ గిన్నె

జూమగుల్ అక్కను తిండిపోతని తిట్టుకున్నవాళ్లలో మొదటిదాన్ని నేనే. ఆ పాపం దాచను.

ఆ వేసవి మేతకొండ మీది మా గుడారానికి హన్నేకె అనే విదేశీ పిల్ల వచ్చింది. ఐదో నెల. కడుపుతో ఉన్న పిల్ల గడప తొక్కితే ఊరుకుంటానా! పొద్దున్నే తీసిన పచ్చిపాల మీగడ, మా కైమాక్, గిన్నెడు ముందు పెట్టాను. అతిథి ముందు పెట్టింది వెనక్కి తీస్తే మాలో ఆ ఇంటి పరువు పోయినట్టే.

అప్పుడే మా ఊరి వైద్య సహాయకురాలు జూమగుల్ అక్క గుర్రం దిగి, బయట కట్టేసిన ఎర్రావును చూసింది.

"దీని దూడేదే, బుబుషా?"

"ఈసుకుపోయిందిలే అక్కా, నెలలు నిండకుండానే."

"లోపలి మీగడ దీనిదేనా?"

"మరి! మా మందలో చిక్కటి పాలు దీనివే," అన్నాను గొప్పగా.

అక్క గబగబా లోపలికి నడిచింది. హన్నేకె రొట్టెముక్కకు మీగడ రాసుకుంది, ఇంకా నోట పెట్టలేదు.

"ఈ కైమాకంతా నాకు కెషిక్!" అని అక్క గట్టిగా నవ్వింది. విందులోంచి ఇంటికి పట్టుకెళ్లే వాటా కెషిక్. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదు. గిన్నెతోపాటు ఆ పిల్ల చేతిలో ముక్కనూ లాక్కుంది.

"చేతిలో ముక్క కూడానా! కడుపా, చెరువా అక్కా?" అన్నాడు మా మరిది మెదెర్.

"చెరువే నాయనా, ఇంకా నిండలేదు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని వెంటపడ్డాను. చూస్తే అక్క బండ వెనక గుంట తవ్వి మీగడంతా పారబోస్తోంది.

"నీ ఆవుకు దూడ నిలవనివ్వని ఈసుడు రోగమేమోనే. పచ్చిపాలతో మనుషులకూ అంటుకుంటుంది. నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. కడుపుతో ఉన్నదానికి బిడ్డే పోవచ్చు. ఎక్కడికెళ్లినా కాచిన పాలే అడగమని ఆ పిల్లకు నేను విడిగా చెబుతాలే."

గుంటలోకి నేనూ మట్టి తోశాను. "లోపలే చెప్పొచ్చుగా అక్కా?"

"అతిథి ముందు నీ పరువు తీయమంటావా? తిండిపోతన్న పేరు నాకేం బరువే!"

పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేసి రోగం నిజమేనన్నాడు. హన్నేకె క్షేమంగా వెళ్లిపోయింది. అక్క మాత్రం ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. ఎంత మనిషమ్మా!

తర్వాతి విందులో మెదెర్ కేకేశాడు: "గిన్నెలు దాచుకోండర్రా, జూమగుల్ అక్క వస్తోంది!"

అక్క కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"రోగపు ఆవు మీగడ అతిథికి పెట్టింది నేను," అన్నాను లేచి. "నా పరువు కాపాడి, ఆ పిల్ల బిడ్డను కాపాడింది అక్క."

మెదెర్ తలొంచుకుని లేచి, పెద్దల వరసలో తను కూర్చున్న చోటు అక్కకు చూపించాడు. అక్క కూర్చుంది, తన ముందుకొచ్చిన గిన్నెలోకి తొంగిచూసింది.

"కాచారా?" అంది.