ఖాయమైన కాలేజీ

కూతురు డెలనీ దరఖాస్తు పెట్టాల్సిన కాలేజీల జాబితా కోసం రొండాకు ఆ ఏడాది తల ప్రాణం తోకకొచ్చింది. హైస్కూల్లో కౌన్సెలర్ మిసెస్ ఎబర్ట్ కాగితాన్ని మూడు భాగాలు చేసింది. పైన అందని ద్రాక్షలు నాలుగు, మధ్యలో అందేవి నాలుగు, అడుగున తప్పకుండా వచ్చేవి. ఆ అడుగు భాగంలో డెలనీ ఒక్క పేరే రాసింది, ఊళ్ళో కాలేజీ. రొండా పన్నెండేళ్ళుగా వంట చేస్తున్నది అక్కడే. సిబ్బంది పిల్లలకు అక్కడ ఫీజు లేదు. రొండాకు అదొక్కటే ధైర్యం.

ఇంకొకటి రాయమని కౌన్సెలర్ పోరింది. డెలనీ మార్కులకు అక్కడ సీటు రాకపోవడమేమిటని తల్లీకూతుళ్ళిద్దరూ కొట్టిపారేశారు. పోనీ, కాలేజీ వెళ్ళి చూసినట్టు అక్కడి పుస్తకంలో సంతకమైనా పెట్టి రమ్మంది ఆవిడ. తమను అక్కరకు పెట్టుకున్న స్టెపినీ టైరులా చూస్తే కాలేజీలకూ రోషం వస్తుందట.

"నేను సైకిల్ నేర్చుకున్నదే అక్కడ. ఇప్పుడు కొత్తగా చూడ్డానికేముంది మేడం?" అంది డెలనీ. రొండా కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత తనమీద తనకే ఒళ్ళు మండేది.

ఆ శరదృతువంతా శని, ఆదివారాలు కారులోనే గడిచాయి. అందని కాలేజీలన్నిటికీ ఒహాయో రాష్ట్రం దాటి మరీ వెళ్ళారు. కాలేజీ చూపిస్తూ, మనవైపు తిరిగి వెనక్కి నడుస్తూ కబుర్లు చెప్పే కుర్రాళ్ళ వెంట కాళ్ళరిగేలా తిరిగారు. పోయిన ప్రతిచోటా సంతకం పెట్టారు. ఇంటికి నాలుగు వీధుల దూరంలో ఉన్నదానికి మాత్రం వెళ్ళలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

మార్చిలో జవాబులొచ్చాయి. పైవాళ్ళు వద్దన్నారు. మధ్యవాళ్ళు రమ్మన్నారు గానీ, వాళ్ళడిగిన ఫీజు ఇల్లు అమ్మినా తీరేది కాదు. ఊళ్ళో కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరంలో, డెలనీ పేరు వేచి ఉండేవాళ్ళ వరుసలో ఉందని రాశారు. డెలనీ దాన్ని చదివి, మడిచి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పిల్ల ఏడ్చినా బాగుండేదనిపించింది రొండాకు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వరుసలో కార్వర్ వచ్చాడు. కాలేజీలో ఎవరికి సీటివ్వాలో చూసేది ఆయనే. ఇన్నేళ్ళూ రొండా చేతి సూపు తాగినవాడే. రొండా గిన్నె అందించలేదు. డెలనీ స్టాల్ అనే అమ్మాయికి సీటెందుకు ఇవ్వలేదని అడిగింది.

ఆయన నొచ్చుకున్నాడు. బయట మాట్లాడకూడదంటూనే, గొంతు తగ్గించి చెప్పాడు. "మార్కులు బాగానే ఉన్నాయి రొండా. కానీ ఒక్కసారీ మా కాలేజీ గడప తొక్కినట్టు రికార్డులో లేదు. మనసు ఇంకెక్కడో ఉందనుకున్నాం. ఇంతకీ మీకేమవుతుంది?"

ఇక్కడ అందరికీ తను ఉత్త రొండా. ఇంటిపేరు ఎవరికి కావాలి? గరిటెతో కిటికీ వైపు చూపించింది.

"అదిగో, ఆ కిటికీ పక్క బల్ల," అంది. "బడి వదిలాక నా డ్యూటీ అయ్యేదాకా ఒక పిల్ల అక్కడ కూర్చుని రాసుకునేది. మీరు కాఫీ తాగుతూ దానికి భిన్నాలు నేర్పారు. మూడో క్లాసులో."

కార్వర్ ఆ బల్ల వైపు చూశాడు. వెనక కుర్రాళ్ళు ట్రేలు పట్టుకుని నిలబడ్డారు.

"ముందు పళ్ళు రెండు లేని పిల్ల. ఆ పిల్ల మీ అమ్మాయా?"

"గడప తొక్కలేదన్నారుగా. తొక్కిందని రాసుకోండి. ఇప్పుడే, నా ముందే రాసుకోండి."

కార్వర్ ట్రే పక్కన పెట్టి, పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.