ఒకటిన్నర చుట్టు

నడిమి బోల్టు బిగించాక పర్శరాములు దాని పక్కదాని జోలికి పోలేదు. అవతలి వైపు బోల్టుకు స్పానర్ తగిలించాడు. ఇంజిన్ హెడ్డును నడిమి నుంచి మొదలుపెట్టి, ఇటొకటి అటొకటి బిగించుకుంటూ అంచులకు రావాలి. ఒక పక్కే గుంజితే నులక మంచం కోడు లేచినట్టు హెడ్డు లేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల పని కాబట్టి చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ఊపిరే చేతులను అందుకోలేకపోతోంది. నాలుగు బోల్టులకోసారి ఆగి, లారీ బంపర్‌కు ఆనుకుని, ఎగశ్వాస తీరాక మళ్లీ వంగుతున్నాడు.

మనిషి పొట్టి. ఖాకీ చొక్కా జేబు చిరిగితే భార్య ఐలవ్వ చేతికి దొరికిన నీలం దారంతో కుట్టింది. గోళ్ల సందుల్లోని నలుపు పెళ్లినాడు నలుగు పెట్టినా పోలేదని ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. పర్శరాములు బీడీ ముట్టి ఎరగడు. అయినా కరీంనగర్ డాక్టరు ఎక్స్‌రే చూసి, రోజుకు ఎన్ని సిగరెట్లని అడిగాడు. ఐలవ్వే జవాబు చెప్పింది.

“బండ్లు తాగినయి సారూ. గీయన పీల్చిండు.”

గుండె కూడా అలసిపోయిందనీ, షెడ్డు ముఖం చూడొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇదే ఆఖరి ఇంజిన్ అని పర్శరాములు ఆమెకు మాటిచ్చి, మంచిర్యాల బైపాస్ పక్కనున్న ఈ రేకుల షెడ్డుకు పన్నెండు రోజులుగా వస్తున్నాడు.

లారీ దేవదాసుది. పదకొండేళ్లు దుబాయిలో పరాయివాళ్ల బండ్లు నడిపి, తిరిగొచ్చి కొనుక్కున్న సొంత బండి. ఆదిలాబాద్ పత్తి, మంథని వడ్లు ఎన్ని మోసిందో దానికే తెలియదు. ఇప్పుడు పదిహేడేళ్ల ముసలిదైంది. కిందటి నెల ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు పోతే పొగ పరీక్షలో తప్పింది. ఇవాళ రెండోసారి, గడువుకు ఇదే చివరి రోజు. ఇవాళ కూడా తప్పితే తుక్కు కింద పోవాల్సిందే. పాత బండ్ల సంత నుంచి వేరే ఇంజిన్ తెచ్చి బిగించుకొమ్మన్నవాళ్లు లేకపోలేదు గానీ, దాని నంబరు బండి కాగితాలతో కలవకపోతే అది మరో తలనొప్పి. అందుకే ఉన్న ఇంజిన్నే నట్టు నట్టు విప్పి, కొత్త రింగులు, కొత్త బేరింగులు వేసి మళ్లీ నిలబెట్టాడు పర్శరాములు.

పది దాటేసరికి టాపెట్లు సరిచేయడం, పంపులోని గాలి తీయడం అయిపోయాయి. దేవదాసు కొబ్బరికాయ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈ షెడ్డులో కొబ్బరికాయకు ముందు ఇంకో తంతు ఉంది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పర్శరాములు పొగగొట్టానికి తెల్ల దస్తీ అడ్డం పడతాడు. ఇంజిన్ నూనె తాగుతుంటే జిడ్డు మచ్చ, డీజిల్ సరిగా మండకపోతే మసి. ఆయనకు అదే మీటరు. ఆయన పాత పంచెలు చింపి, అంచులు కుట్టి, ఆ దస్తీలు చేసేది ఐలవ్వ. వాటిని ఉతికీ ఉతికీ తన చేతులు కూడా మిస్త్రీ చేతులైపోయాయని ఆమె గోల.

దేవదాసు క్యాబిన్ ఎక్కి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. పర్శరాములు పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. బేరింగులు బాగున్నాయి. టాపెట్లు బాగున్నాయి. కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు, కడుపు నిండా తిన్నవాడిలా తృప్తిగా తల ఊపాడు. తర్వాత వెనక్కి పోయి, దస్తీ పట్టి, ఆక్సిలేటర్ తొక్కమని సైగ చేశాడు.

జిడ్డు లేదు. కానీ దస్తీ నడుమ రొట్టెంత మసి.

దేవదాసు దిగి వచ్చి ఆ బట్టను చూశాడు. కొబ్బరికాయ పట్టుకున్న చేయి మెల్లగా కిందికి జారింది. రింగులన్నీ కొత్తవే కదా, మళ్లీ ఈ మసి ఎందుకొస్తోందని అడిగాడు. పర్శరాములు దస్తీ మీది మసిని బొటనవేలితో రుద్దాడు. ఆయనకు ఎందుకో తెలుసు. పన్నెండు రోజులుగా తెలుసు.

దేవదాసు బండి కొన్న ఏడు, నిర్మల్ ఘాట్ మీద అది లాగడం లేదని వచ్చాడు. నల్ల పొగ కొడితేనే బండికి బలమని డ్రైవర్లందరూ నమ్మిన రోజులవి, మిస్త్రీలు కూడా నమ్మారు. పర్శరాములు డీజిల్ పంపు మీది సీసపు ముద్ర కోసి, డీజిల్ ఎక్కువ పోయేలా లోపలి స్క్రూను ఒకటిన్నర చుట్టు తిప్పాడు. లారీ ఘాట్ మీద జింకలా ఎక్కింది. పర్శరాములు చెయ్యి పడితే బండి గుట్టెక్కుతదని ఆ ఏడే పేరు పడింది. ఆదిలాబాద్ నుంచి కూడా బండ్లు వెతుక్కుంటూ వచ్చాయి. ఆయన ఎన్ని ముద్రలు కోశాడో, ఆ పొగ ఎవరెవరి ఛాతీలోకి పోయిందో లెక్క లేదు. తన ఛాతీ ఒక్కటే ఆయనకు తెలిసిన లెక్క. ఈసారి ఇంజిన్ అంతా విప్పాడు గానీ ఆ స్క్రూ మీద మాత్రం చేయి వేయలేదు. కొత్త రింగులతో సర్దుకుంటుందిలే అనుకున్నాడు. నిజానికి, దాన్ని వెనక్కి తిప్పితే తన పేరును తానే వెనక్కి తిప్పినట్టవుతుందని మనసు ఒప్పుకోలేదు.

ఇప్పుడు గుట్టుగా తిప్పేసినా దేవదాసుకు తెలియదు. కానీ తెలియక ఎప్పటి బరువే వేసుకుని ఘాట్ ఎక్కితే, బండి సగంలో ఆగి వెనక్కి జారుతుంది. పర్శరాములు మసి దస్తీని మడిచి బంపర్ మీద పెట్టాడు.

“దేవదాసూ, గిది ఇంజిన్ తప్పు కాదు, నాది. నువ్వు బండి కొన్న ఏడు పంపు సీలు కోసి డీజిల్ పెంచిన. గప్పటిసంది నీ బండి మసి కక్కుతనే ఉంది.”

దేవదాసు కొబ్బరికాయను టైరు పక్కన పెట్టాడు.

“పెంచుమన్నది నేనే గద కాకా.”

“నువ్వు అడుగుతవ్, నీకేం తెలుసు. మిస్త్రీని నేను. వద్దనాలె.”

పర్శరాములు బానెట్ కిందికి వంగి స్క్రూను వెనక్కి తిప్పాడు. ఒక చుట్టు. ఆగి ఊపిరి తీసుకున్నాడు. మరో సగం. ఇక గుట్ట మీద మునుపటిలా గుంజదనీ, బరువు తగ్గించి రెండో గేరులోనే ఎక్కాలనీ నెమ్మదిగా చెప్పాడు. దేవదాసు బుద్ధిగా విన్నాడు.

రెండో దస్తీ మీద పలచని బూడిద రంగు వలయం తప్ప ఏమీ పడలేదు. పర్శరాములు దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి, నీలం దారం కుట్టిన జేబులో పెట్టుకున్నాడు.

“గిది మా ఇంటామెకు చూపియ్యాలె. ఇయ్యాల ఉతుకుడు లేదని చెప్పాలె.”

కొబ్బరికాయ పగిలింది. లారీ రోడ్డెక్కింది. షెడ్డు ముందు వేసిన పాత లారీ సీటు మీద కూర్చుని పర్శరాములు దాని చప్పుడు విన్నాడు. రెండో గేరు, మూడో గేరు, తర్వాత ఇంజిన్ చప్పుడు మిగతా బండ్ల చప్పుళ్లలో కలిసిపోయింది. స్పానర్లు తుడిచి వరుసగా పేర్చాడు. మళ్లీ వచ్చి సీటులో వెనక్కి వాలాడు. గాలి హాయిగా వీస్తోంది.

మూడింటికి ఐలవ్వ టిఫిన్ డబ్బాతో వచ్చేసరికి ఆయన గడ్డం ఛాతీ మీద వాలి ఉంది. పక్కన ఫోన్ మోగుతోంది. నిద్ర చెడుతుందని ఆమె గబుక్కున ఎత్తింది.

“మెల్లగ మాట్లాడు బిడ్డా, పన్నడు.”

“పాసైంది చిన్నమ్మా. కాకను లేపి చెప్పు,” అన్నాడు దేవదాసు.

ఐలవ్వ నవ్వుకుంటూ ఆయన భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత డబ్బా కింద పెట్టి, ఆ సీటు మీదే ఆయన పక్కన కూర్చుని, నలుపు పోని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

పదకొండో రోజు దినకర్మ కూడా అయ్యాక, ఐలవ్వ ఆ ఖాకీ చొక్కాను నానబెట్టబోయి జేబు తడిమితే మడతపెట్టిన దస్తీ చేతికొచ్చింది. దాన్ని చూపించి ఆయన ఏమని చెప్పాలనుకున్నాడో దేవదాసు అప్పటికే ఆమెకు చెప్పి ఉన్నాడు. చొక్కాను నీళ్లలో వేసింది. దస్తీని వేయలేదు. దండెం మీద అదొక్కటే పొడిగా ఆరేసి ఉంది, నడుమ పలచని బూడిద రంగు వలయంతో.