ఎడమవైపు సన్నబడిన గీత

బల్లని కిటికీ దగ్గరికి జరపాలి. భూతద్దాలు తుడవాలి. అసలు సంతకాలు కుడివైపు, నకిలీవి ఎడమవైపు పరచాలి. పాఠం మధ్యలో మామయ్య పాత గొప్పలు ఎత్తుకోకుండా చూడాలి. మొదటి పనులన్నీ అయ్యాయి. చివరిది మాత్రం మేనకోడలి వల్ల కాలేదు.

పేరున్నవాళ్ల సంతకాల్లో ఏది అసలో, ఏది నకిలీయో తేల్చి, అసలువి కొని అమ్మడం మామయ్య వృత్తి. ఆయన చూపు మందగించాక కొట్టు మేనకోడలి చేతికొచ్చింది. ఇంటిల్లిపాదిలో మొదట పట్టా పుచ్చుకున్నది తనే. నేర్చుకున్నది దాచుకోకూడదని, సంతకాలు సేకరించేవాళ్లకి సెలవురోజుల్లో పాఠాలు పెట్టింది.

"ఎవర్నీ నమ్మకండి. నన్ను కూడా!" అని మామయ్య అప్పటికే మొదలుపెట్టేశాడు.

వెనక కూర్చున్న ఒకావిడ సంచిలోంచి ఫొటో తీసింది. పేరుమోసిన గాయకుడిది, మీద సంతకం. ఇదివరకు ఇక్కడే చూపించిన ఫొటో అని ఆవిడ చెప్పగానే మామయ్య మొహం చిట్లించాడు.

"లైట్లాయన ఫొటో కదూ? నకిలీ అని అప్పుడే చెప్పానే. మళ్లీ అమ్మకానికి తెచ్చారా?"

"అమ్మడానికి కాదండీ. ఆయన మా నాన్న. కచేరీల హాల్లో లైట్లు వేసేవాడు. గాయకుడే తన చేత్తో పెట్టిచ్చాడని చెప్పేవాడు. మీరు కాదన్నాక ఇంట్లో అందరికీ కోతలాయన అయిపోయాడు. అలా అనిపించుకుంటూనే పోయాడు. నేనూ అన్నాను. అది నిజమో కాదో తెలియాలి, అంతే."

ఏడుపుగొంతుతో బేరం పెట్టేవాళ్లు ఆ కొట్టుకి కొత్త కాదు. మేనకోడలు మాట ఇవ్వకుండా ఫొటోని కుడివైపున్న ఆ గాయకుడి నమూనా సంతకాల పక్కన పెట్టింది. నమూనాల్లో పేరు కింది గీత ఎడమ నుంచి బయల్దేరి కుడివైపు సన్నబడింది. ఫొటోలో కుడి నుంచి బయల్దేరి ఎడమవైపు సన్నబడింది.

నకిలీయే అనబోయి ఆగింది. దొంగ సంతకం పెట్టేవాడు ఇంత బాహాటంగా తప్పు చేస్తాడా? ఆమె అనుమానం మెల్లగా ఫొటో మీంచి నమూనాల మీదికి పాకింది.

"మామయ్యా, ఈ నమూనాలు ఎలా వచ్చాయి?"

"ఆయన ఆఫీసు నుంచే, పోస్టులో. ఇంకేం కావాలే నీకు?"

"ఆయన పెడుతుంటే చూడలేదుగా?"

"ఎందుకు చూళ్లేదూ! ఆ గోడ మీద పటం కట్టించిన చేతిరుమాలు మీద నా కళ్లముందే పెట్టాడు."

ఆమె పటం దించి కిటికీ వెలుగులో పట్టుకుంది. అక్కడా గీత ఎడమవైపే సన్నబడింది.

"గుడ్డ పెన్నుని లాగేస్తుందే. గుడ్డని కాగితంతో పోల్చకూడదని నీకు నేర్పింది నేనేగా!"

"గుడ్డ గీతని వంకర చేస్తుంది మామయ్యా. వెనక్కి నడిపిస్తుందా? ఏ చేత్తో పెట్టాడు?"

మామయ్య కుడిచెయ్యి ఎత్తాడు. దించాడు. ఎడమచెయ్యి గాల్లో కుడి నుంచి ఎడమకి లాగి, అక్కడే ఆపేశాడు. "ఎడమ చెయ్యే..."

"పాఠం బాగా రంజుగా ఉందండోయ్," అన్నారెవరో.

మామయ్య తడుముకుంటూ బల్ల దగ్గరికొచ్చి, ఇన్నాళ్లూ ప్రాణంలా దాచుకున్న నమూనాల్ని కుడివైపు నుంచి ఎడమవైపుకి తనే జరిపాడు.

"అమ్మా, ఆ ఆఫీసులో ఎవరో పెట్టి పంపినవి నమ్మాను. నా కళ్లతో చూసింది నమ్మలేదు. మీ నాన్న అబద్ధమాడలేదు."

"ఆ ముక్క మా అమ్మకి చెప్తారా? నేను చెబితే కోతలాయన కూతురివే అంటుంది."

మామయ్య అప్పటికే చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటున్నాడు.

మీరూ ఎప్పుడైనా ఒక సంతకాన్ని వెలుగులో పెట్టి అనుమానంగా చూడబోతే, నకిలీ అని నోరు జారేముందు ఆ లైట్లాయన్ని ఒక్కసారి తలుచుకోండి.