ఎట్టా పడినావమ్మా

మామిడిచెట్టు మీదనుంచి పడ్డవాడు ఎంత ధీమాగా చెబుతున్నాడో, పచ్చికొమ్మ అనుకున్న్యానప్పా, ఎండుకొమ్మ, తప్పు నాదేలే అని నవ్వుతున్నాడు కూడా, పుత్తూరులో కట్లు కట్టే ఈ వసారాలో బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పడానికి ఒక కథ ఉంది, ఎందుకంటే కట్టు కట్టే పెద్దాయన ఎవరినైనా మొదట అడిగేది అదే, ఎట్టా పడినావు, అది వినకుండా ఎముక మీద చెయ్యి వెయ్యడట, నా వంతు వస్తే నేనేం చెప్పాలి, పక్కనే గోపీ, నా మొగుడు, కాలు మీద కాలేసుకుని ఫోన్లో మా అండమాన్ ఫోటోలు చూసుకుంటున్నాడు, లీలా, ఇది బాగా వచ్చింది సూడు అంటున్నాడు, చూశాను, అందులో నేనింకా పడలేదు.

పెళ్లయి ఏడాదైందని ముచ్చటపడి తీసుకెళ్లాడు, కాదనను, నగరిలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టిపెరిగినదాన్ని, నీళ్లు అంత పచ్చగా ఉంటాయని నాకేం తెలుసు, ఒడ్డునున్న ఆ పాచిరాయి ఎక్కమన్నది ఆయనే, ఏంగాదు ఎక్కు, నేను పట్టుకోని ఉండా కదా, నిజంగానే పట్టుకున్నాడు, మణికట్టు చుట్టూ ఆ వేళ్ల వెచ్చదనం నాకింకా గుర్తుంది, అంతలో మబ్బు తొలగి ఎండ వచ్చింది, అబ్బ ఎలుగు బాగుండాది అట్నే ఉండు అన్నాడు, ఫోటో తియ్యడానికి రెండు చేతులూ కావాలి కాబోలు, తర్వాత ఆకాశం, తర్వాత ఎండుపుల్ల విరిగినట్టు ఒక చప్పుడు, అది నా చెయ్యేనని తెలియడానికి కాసేపు పట్టింది.

ఆ దీవిలో ఆసుపత్రి అంటే కొబ్బరిచెట్ల నడుమ రెండు గదులు, ఎక్స్‌రే లేదు, ఓడ మరునాడు పొద్దున్నే, నర్సమ్మ తమిళావిడ, సెలైన్ పెట్టె అట్ట చింపి చేతికింద పెట్టి గుడ్డ చుట్టింది, ఎప్పడిమ్మా విళుందే, ఎలా పడ్డావమ్మా అని అడిగింది, మా నగరిలో సగం ఇళ్లలో ఆ భాషే, గోపీకి ముక్క రాదు, నిజం చెప్పినా ఆయనకు అర్థమయ్యేది కాదు, అయినా కాలు జారిందక్కా అన్నాను, పరాయి చోట మొగుణ్ణి పలచన చేసుకుంటానా, పాపం కంగారులో ఉన్నాడు, చెయ్యి వదిలిన సంగతి తనకే తెలిసి ఉండదు అనుకున్నాను, అప్పుడే కిటికీ అవతలనుంచి గోపీ గొంతు, మా అత్తతో ఫోన్లో, ఆమెకు ఫోటోల పిచ్చిమా, వద్దు వద్దంటానే ఉండా, పోయి రాయెక్కింది, నేను దూరంగా ఉండా, ఏం చేసేది, నొప్పికి వేసిన సూదితో చెయ్యి మొద్దుబారింది, చెవులు మాత్రం బాగానే పనిచేశాయి.

పోర్ట్‌బ్లెయిర్ పోయి పిండికట్టు వేయించుకోండి అన్నాడు డాక్టరు, మాకు పుత్తూరు కట్టు ఉండాది సార్ అన్నాడు గోపీ, నన్ను అడగలేదు, ఆ అట్టముక్కతోనే ఓడ, విమానం, తిరుపతి, గడపలోనే అత్త, ఒళ్లు తెలియకుండా గంతులేస్తే ఇంతే అంది, ఎదురింటావిడకు గోపీ చెప్పింది అదే కథ, మా అమ్మకూ అదే కథ, కన్నతల్లి కూడా ఏమే నీకంత ఫోటోలెందుకే అంది, జాకెట్ల మీద పూసలు కుట్టే చెయ్యి, ఇప్పుడు చెంచా పట్టదు, నోట్లో అన్నం పెట్టుకోలేనిదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాడు, అయినా ప్రతిసారీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, తెలియకే అంటున్నాడు, తెలిస్తే ఎందుకంటాడు.

ఎట్టా పడినావమ్మా, నా వంతు వచ్చేసింది, పెద్దాయన అట్టముక్క విప్పి వాచిన చేతిని తన అరచేతిలోకి తీసుకున్నాడు, ఫోటోలు దిగతా దిగతా జారింది పెద్దాయనా, నేను దూరంగా ఉండా, గోపీ అప్పుడే మొదలుపెట్టాడు, పెద్దాయన వేళ్లు మణికట్టు దగ్గర ఆగాయి, పడేటప్పుడు ఈ చెయ్యి ఎవరన్నా పట్టుకోని ఉన్న్యారా, సరిగా చెప్పండి, తప్పు చెప్తే ఎముక తప్పుగానే అతుక్కుంటాది, గోపీ మొహంలో రంగు మారింది, అంటే, మొదుట్లో నేను పట్టుకోనే ఉన్న్యా పెద్దాయనా, ఆమే ఇదిలిచ్చుకునింది.

పట్టుకునే ఉన్నాడట, మరి ఇన్నాళ్లూ దూరంగా ఉన్నవాడెవడు, నా నోట మాట దానంతట అదే వచ్చింది, ఇదిలిచ్చుకోలేదు పెద్దాయనా, ఆయనే ఇడిసిపెట్టినాడు, పెద్దాయన తలాడించాడు, మామిడికొమ్మ సంగతి విన్నట్టే విన్నాడు, పళ్లు బిగించుకోమ్మా లాగతాండా అన్నాడు, ఇటియ్యి లీలా, ఆ చెయ్యి నేను పట్టుకుంటా అన్నాడు గోపీ, నేను బెంచీ అంచు పట్టుకున్నాను, తెలుసు, చెయ్యి వదిలిన సంగతి గోపీకి మొదటినుంచీ తెలుసు.